చచ్చినట్టు రాసుకున్న కణాలు

తెలంగాణ ఉద్యమం ఉధృతంగా ఉన్న రోజుల్లో నేను హైదరాబాదులో వీలైనంత తక్కువ మాట్లాడేదాన్ని. మాది కడప జిల్లా. ఎంత జాగ్రత్తపడినా నోరు తెరిస్తే ‘యాడికి’, ‘ఏంటికి’, ‘పోతాండా’ అని వచ్చేస్తుంది. షేర్ ఆటోలో నానక్‌రామ్‌గూడ రాగానే ‘ఆపండి’ అని చెప్పకుండా సీటు కడ్డీ మీద చేత్తో కొట్టేదాన్ని. కూరగాయల బండి దగ్గర వేలితో చూపించేదాన్ని. నిజం చెప్పాలంటే అప్పటిదాకా నన్ను ఎవరూ ఒక్క మాట అనలేదు. అయినా టీవీలో చూసినవీ, ఆఫీసులో విన్నవీ, మా అమ్మ రోజుకు మూడుసార్లు ఫోన్ చేసి ‘బయట తిరగొద్దు’ అన్నదీ కలిసి నా నోరు కట్టేశాయి.

హైటెక్ సిటీలో ఒక చిన్న కంపెనీలో పని. మొత్తం పద్దెనిమిది మందిమి. మందుల కంపెనీల కోసం మేం కణాలను కంప్యూటర్లో తయారుచేసేవాళ్ళం. మా బంధువులకు నా ఉద్యోగం గురించి చెప్పడం ఎప్పుడూ కష్టమే. ఇలా చెప్పేదాన్ని: మన ఒంట్లో ప్రతి కణానికీ బయటి నుంచి కబుర్లు వస్తుంటాయి. పెరుగు, ఆగు, చచ్చిపో అని. కణం పైపొర మీద ఉన్న ప్రోటీన్ ఒకటి ఆ కబురు అందుకుంటుంది. అది లోపల ఇంకోదాన్ని తడుతుంది, అది మరోదాన్ని తడుతుంది, అలా కబురు కణం మధ్యకు చేరుతుంది. ఈ వరసలు ఒకదానితో ఒకటి అల్లుకుని వలలా ఉంటాయి. కాన్సర్లో ‘పెరుగు’ అన్న కబురు ఆగకుండా పోతూనే ఉంటుంది. మందు వెళ్ళి ఆ వరసలో ఒక ప్రోటీన్‌ను కదలకుండా పట్టుకుంటుంది. కొన్నాళ్ళు బాగానే ఉంటుంది. తర్వాత జబ్బు తిరగబెడుతుంది, కబురు ఇంకో దారిన పోవడం మొదలుపెడుతుంది కాబట్టి.

ఆ ఇంకో దారి ఏదో ముందే కనుక్కోవడం మా పని. ఒక్కో ప్రోటీన్‌కు ఒక సంఖ్య, ఒక్కో లంకెకు ఒక సమీకరణం. అలాంటి వలలు వెయ్యి తయారుచేసి కంప్యూటర్లో వదులుతాం. ప్రతి తరంలోనూ వాటిలో చిన్న చిన్న మార్పులు వాటంతటవే జరుగుతాయి. ఒక లంకె బలపడుతుంది, ఒకటి తెగుతుంది, కొత్తది ఒకటి పుడుతుంది. మందు ఉన్నా పెరగగలిగిన వలలు తర్వాతి తరానికి పోతాయి, మిగతావి చచ్చిపోతాయి. ఎవరూ ఆలోచించరు, ఎవరూ గీయరు. కొన్ని వందల తరాల తర్వాత చూస్తే మనకు తట్టని దారి ఒకటి అక్కడ ఉంటుంది. మొదటిసారి అది చూసినప్పుడు నాకు సంతోషం కలగలేదు, ఒళ్ళు జలదరించింది. బుర్ర లేనిది ఇంత తెలివిగా ఎట్లా తప్పించుకుంటుందా అని.

మా టీం లీడ్‌ది నల్గొండ వైపు. నలభై దగ్గర పడిన మనిషి, లెక్కల్లో దిట్ట. ఉద్యమం పెరిగాక సాయంత్రం నాలుగు కాగానే కుర్చీ జరిపి లేచేవాడు. ఎక్కడికో అందరికీ తెలుసు. మానవహారమో, ధర్నానో, దీక్షా శిబిరమో. వాళ్ళ తమ్ముడు డిగ్రీ చేసి ఏడేళ్ళుగా ఖాళీగా ఉన్నాడని ఒకసారి టీ తాగుతూ చెప్పాడు. నాతో ఎప్పుడూ కటువుగా మాట్లాడలేదు. కానీ ఆయన ఫోన్లో ఎవరితోనో ఉద్యమం గురించి గట్టిగా మాట్లాడుతుంటే నేను మానిటర్ వెనక తల దించుకునేదాన్ని.

ఆ ఏడాది మాకు పెద్ద పని వచ్చింది. ఒక మందుల కంపెనీ రెండు మందులు కలిపి ఇవ్వాలనుకుంటోంది. రెండూ ఒకేసారి ఇస్తే కణం తప్పించుకోగలదా లేదా చూసి చెప్పాలి. ఆ వలల్ని కంప్యూటర్లో నడిపించే ప్రోగ్రాం, మా భాషలో సిమ్యులేషన్, అంతా నేనే రాశాను. అది నడుస్తున్న సమయంలోనే తెలంగాణ కోసం ఉద్యోగుల సమ్మె మొదలైంది. బస్సులు ఆగిపోయాయి. గనుల్లోనూ పని ఆగి, బొగ్గు రాక కరెంటు కోతలు మొదలయ్యాయి. ఆఫీసు జనరేటర్ కొన్ని గంటలే నడిపేవాళ్ళు. ఆరు దాటితే నానక్‌రామ్‌గూడకు షేర్ ఆటో దొరుకుతుందో లేదో తెలియదు. చీకట్లో రోడ్డు మీద ఎవరైనా ఆపి ‘ఏ ఊరు’ అని అడుగుతారేమోనని మధ్యాహ్నం మూడింటి నుంచే కిటికీలోంచి వెలుతురు చూసుకునేదాన్ని.

నా సిమ్యులేషన్ అప్పటికి రాత్రంతా నడిచేది. కోతలు మొదలయ్యాక, కరెంటు పోయినప్పుడల్లా మళ్ళీ నడిపించడానికి చీకటి పడేదాకా దాని పక్కనే ఉండాల్సివచ్చేది. దాన్ని పగలే ముగించాలని ఒక చిన్న మార్పు చేశాను. ఒక వలలో సంఖ్యలు నిలకడకు రావడానికి కొంత సమయం పడుతుంది. కొన్ని త్వరగా కుదురుకుంటాయి, కొన్ని పైకీ కిందికీ ఊగుతూనే ఉంటాయి. ఊగేవాటి దగ్గరే కంప్యూటర్ గంటలు గంటలు తినేది. అందుకని ఒక గడువు పెట్టాను. ఆ గడువులోపల కుదురుకోని వలను చచ్చినట్టు లెక్కగట్టి పక్కన పడేయమని రెండు లైన్లు రాశాను. పని నాలుగింటికల్లా అయిపోవడం మొదలైంది. వెలుతురు ఉండగానే ఇంటికి చేరుతున్నాను. ఆ రెండు లైన్ల గురించి మళ్ళీ ఆలోచించలేదు.

ఎన్నిసార్లు నడిపినా ఒక్కసారి కూడా కణం తప్పించుకోలేదు. రిపోర్టు అలాగే వెళ్ళింది, కింద నా పేరు, లీడ్ సంతకం.

ఆ వారం తర్వాత ఒక బంద్ రోజు. ఆఫీసుకు సెలవిచ్చి బదులు శనివారం పనిచేయమన్నారు. బంద్ మర్నాడు ఉదయం తొమ్మిదింటికి మందుల కంపెనీ వాళ్ళతో ఫోన్ మీటింగ్. రెండు మందులూ కలిపి పేషెంట్లకు ఇచ్చి చూసే దశకు వెళ్ళాలా వద్దా అన్నది ఆ మీటింగ్‌లో తేల్చుకుంటారు. నేను నా గదిలో ల్యాప్‌టాప్ ముందు కూర్చుని రిపోర్టులోని బొమ్మలు సర్దుతున్నాను. ఒక బొమ్మ ఖాళీగా అనిపించి, ప్రతి తరంలో ఎన్ని వలలు పక్కన పడ్డాయో ఆ లెక్క తీసి గీశాను.

గీత పైకి పోతోంది.

మొదటి తరాల్లో ఏ పదో పన్నెండో. చివరి తరాల్లో వందలు. పాడైపోయిన వలలే అయితే ప్రతి తరంలోనూ ఇంచుమించు ఒకేలా పడాలి. తరతరానికీ పెరుగుతున్నాయంటే మిగిలిన వలలన్నీ ఒకే వైపు, ఊగడం వైపు, జరుగుతున్నాయి. జరిగి జరిగి ఒక అంచుకు చేరుతున్నాయి. అంచు దాటిన ప్రతిదాన్నీ నా రెండు లైన్లు చంపేస్తున్నాయి.

పక్కన పడేసిన వలల్లో ఒకదాన్ని తీసి గడువు లేకుండా నడిపాను. కరెంటు లేదు, బ్యాటరీ సగం ఉంది. ఇరవై నిమిషాల తర్వాత తెర మీద గీత వచ్చింది. రెండు మందులూ పడగానే ‘పెరుగు’ కబురు సున్నాకు పడిపోయింది. కాసేపు నేల మీదే ఉంది. తర్వాత ఒక్కసారి పైకి లేచింది. మళ్ళీ సున్నా. మళ్ళీ పైకి. కబురు నిలకడగా కాకుండా విడతలు విడతలుగా పోతోంది. ఆ విడతలు కణం పెరగడానికి సరిపోతున్నాయి. రెండోది నడిపాను, మూడోది నడిపాను. మూడూ బతికే ఉన్నాయి. నేను బతికినవాటిని ఏరి ఏరి చచ్చినట్టు రాసుకున్నాను.

లీడ్‌కు ఫోన్ చేశాను. మోగింది, ఎత్తలేదు. ఏడుసార్లు చేశాను. ఆ రోజు ఖాజాగూడ చెరువు దగ్గర రోడ్డు మీద వంటావార్పు అని ముందురోజే ఆఫీసులో చెప్పాడు. రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి, వండుకుని, అక్కడే తింటూ నిరసన తెలపడం. రేపు ఉదయం దాకా ఆగొచ్చు కదా అనుకున్నాను. కానీ నన్ను నేను ఎరుగుదును. తెల్లారేసరికి ఈ గీతకు ఏదో ఒక సాకు వెతుక్కుంటాను. మీటింగ్‌లో నోరు మూసుకుని కూర్చుంటాను. అప్పటికి ఆరు నెలలుగా నేను చేస్తున్నది అదే కదా, నోరు మూసుకోవడం.

ల్యాప్‌టాప్ సంచిలో పెట్టుకుని బయటికి వచ్చాను. మా ఇంటి ఓనరమ్మ వాకిట్లో బర్రెకు కుడితి పెడుతోంది. భర్త పోయిన మనిషి, యాభై దాటుంటాయి. పుట్టింది, పెరిగింది నానక్‌రామ్‌గూడలోనే. ఇప్పుడు అద్దాల బిల్డింగులున్న చోట తను జొన్నచేలో కలుపు తీశానని చెప్పేది. రెండు బర్రెలు పెట్టుకుని చుట్టుపక్కల ఇళ్ళకు పాలు పోస్తుంది.

“ఏంది బిడ్డా, మొఖం గట్ల పాలిపోయింది?” అంది.

“ఖాజాగూడ దాకా పోవాలమ్మా. ఆఫీసు పని. ఒక తప్పు జరిగింది, మా సార్‌కు చెప్పాల.”

“ఇయ్యాల బంద్. ఆటోలు లెవ్వు.”

“నడుస్తాను.”

నా వైపు ఒకసారి చూసింది. లోపలికి పోయి పాల క్యాన్ తెచ్చింది. “పాలకు బంద్ లేదు. నేనొస్త, పా.”

పన్నెండు దాటింది. అంత వెడల్పు రోడ్డు మీద ఒక్క కారు లేదు. ఎప్పుడూ క్యాబుల హారన్లతో చెవులు పగిలే చోట మా చెప్పుల చప్పుడు వినిపిస్తోంది. దూరంగా నల్లటి పొగ, కాలిన రబ్బరు వాసన. ఓనరమ్మ పక్కన నడుస్తూ ఏదో చెబుతోంది, నాకు ఎక్కడం లేదు. మనసులో రెండు లెక్కలు నడుస్తున్నాయి. ఒకటి, ఆ మందులు వేసుకోబోయే మనుషులు. వాళ్ళకు ముఖాలు లేవు, కానీ ఎందుకో అందరూ మా అమ్మ వయసు వాళ్ళలా అనిపించారు. రెండోది, ఎదురుగా రోడ్డుకు అడ్డంగా పెట్టిన బండరాళ్ళూ, వాటి దగ్గర నిలబడ్డ ఏడెనిమిది మంది.

దగ్గరికి పోయాక ఒకతను చెయ్యి అడ్డం పెట్టాడు. “ఏడికి?”

“పాలు పోసి రావాలె,” అంది ఓనరమ్మ.

“ఈమె?”

“మా ఇంట్ల పిల్ల.”

అతను నా వైపు తిరిగాడు. “ఏడికి అక్కా?”

నేను దారంతా అనుకుంటూ వచ్చిన వాక్యం ఒకటుంది. పుస్తకంలో ఉన్నట్టు, ఏ ఊరి వాసనా లేకుండా. తీరా నోరు తెరిస్తే, “ఖాజాగూడ కాడికి పోతాండామన్నా, మా ఆఫీసాయన్తో పనుండాది” అని వచ్చింది.

వెనక రాయి మీద కూర్చున్నతను లేచాడు.

“ఏ జిల్లా?”

“కడప.”

“సంచిల ఏమున్నది?”

“ల్యాప్‌టాప్.”

సంచి పట్టీ పట్టుకున్నాడు. లాగలేదు, పట్టుకున్నాడంతే. “బంద్ నాడు గూడ మీ పనులు ఆగయి. మా పోరగాండ్లకు కొలువులు లెవ్వని రోడ్డు మీద కూసుంటే మీరు ల్యాప్‌టాప్‌లు పట్టుకొని తిరుగుతరు.”

సంచి ఇచ్చేయాలా, పట్టుకోవాలా? ఆ గీత, ఆ మూడు వలలు, అన్నీ అందులోనే ఉన్నాయి. రెండు చేతులతో సంచిని పొట్టకు అదుముకున్నాను.

ఓనరమ్మ క్యాన్ కింద పెట్టింది. “ఆడపిల్ల సంచి ఎందుకు పడుతున్నవ్? ఇరవై ఏండ్ల సంది మీ ఇంట్ల పాలు పోస్తున్న. మీ అవ్వను పిలువాల్నా?”

“నువ్వూకో పెద్దమ్మా. ఏమన్న అన్ననా నేను?” అని అతను పట్టీ వదిలేశాడు. చెయ్యి అడ్డం పెట్టినతను ఒక రాయిని కాలితో పక్కకు జరిపి, “పోండ్రి. సక్కగ పోండ్రి, ఏం కాదు,” అన్నాడు.

అంతే జరిగింది. బయటి నుంచి చూసేవాళ్ళకు రెండు నిమిషాల మాట. నేను మాత్రం ఆ మలుపు దాటాక రోడ్డు పక్కన కూర్చుని కక్కుకున్నాను. ఓనరమ్మ కొంగుతో నా మొహం తుడిచింది. “ఆ పిలగాడు శెడ్డోడు గాదు. కోపం మీదున్నడు,” అంది. ఆమె చెప్పింది నిజమే కావచ్చు. అప్పుడు నాకది ఏమాత్రం పనికిరాలేదు.

ఖాజాగూడ చెరువు దగ్గర డప్పులు మోగుతున్నాయి. రోడ్డు మధ్యలో మూడు రాళ్ళ పొయ్యిలు వరసగా ఉన్నాయి. మా లీడ్ మెడలో గులాబీ కండువా వేసుకుని, రోడ్డు మీదే కింద కూర్చుని ఉల్లిపాయలు కోస్తున్నాడు. ఆఫీసులో ఇస్త్రీ చొక్కాల్లో తప్ప ఆయన్ను చూడలేదు. నన్ను చూసి కత్తి పక్కన పెట్టాడు.

“ఏమైంది? నడిచొచ్చినవా?”

ల్యాప్‌టాప్ తీసి గీత చూపించాను. డప్పుల చప్పుడుకు దూరంగా బండల మీదకు పోయి కూర్చున్నాం. తెర మీద ఎండ పడకుండా ఆయన కండువా తీసి పైన కప్పాడు. బ్యాటరీ అయిపోవస్తోంది. చాలాసేపు చూశాడు.

“ఊగేటివన్ని పడేసినం,” అన్నాడు చివరికి.

“పడేసింది నేను సార్. గడువు పెట్టింది నేనే.”

“ఎందుకు?”

“నాలుగింటికల్లా అయిపోవాలని. వెలుతురుండగానే ఇంటికి పోవాలని.”

“దేనికి?”

ఆ ప్రశ్నకు జవాబు చెప్పడం రాళ్ళు దాటి రావడం కంటే కష్టమైంది. “భయం సార్. మీ వాళ్ళంటే.”

“నన్ను చూసిన గూడ?”

అబద్ధం చెప్పడానికి ఓపిక లేదు. “మిమ్మల్ని చూసినా,” అన్నాను.

ఆయన చెరువు వైపు తిరిగాడు. కోపమని నేను అనుకున్నాను, గట్టిగా సంచి పట్టుకున్నాను. తల తిప్పకుండానే అన్నాడు: “సంతకం పెట్టింది నేను. పక్కన పడ్డయి ఎన్ని అని ఒక్క మాట అడిగితే అప్పుడే తెలిసేది. అడగలే. నాకు గూడ నాలుగింటికి పోవాల్నని ఉండె.”

లేచి వెళ్ళి విస్తరాకులో అన్నం, పప్పు తెచ్చి నా ముందు పెట్టాడు. “తిను. తిన్నంక ఆఫీసుకు పోదాం.” ఓనరమ్మ అప్పటికే ఆడవాళ్ళ మధ్య కూర్చుని తింటోంది. నేను నాలుగు ముద్దలు తిన్నాను. రుచి గుర్తులేదు.

ఆయన బైకు మీద ఆఫీసుకు పోయాం. దారిలో రెండుచోట్ల ఆపారు. కండువా చూసి వదిలారు. సెక్యూరిటీ ఆయన తాళం తీశాడు. ఆ రెండు లైన్లు చెరిపేసి మొత్తం మళ్ళీ మొదలుపెట్టాం. బ్యాటరీలూ జనరేటరూ తెల్లారేదాకా ఆగకుండా చూడమని లీడ్ బిల్డింగ్ మేనేజర్‌ను ఫోన్లో బతిమాలాడు. ఐదున్నరకు నన్ను మా వాకిట్లో దింపి, “రేపు నేను చెప్తా. నువ్వు మాట్లాడకు,” అన్నాడు.

పొద్దున్నే చూశాం. నడిపినవాటిలో సగానికి పైగా సార్లు కణాలు తప్పించుకున్నాయి. తొమ్మిదింటికి మీటింగ్ మొదలైంది. మందుల కంపెనీ తరఫున ఒకావిడ, గొంతును బట్టి గుంటూరు వైపు. లీడ్ గొంతు సవరించుకుంటుంటే నేనే స్పీకర్ వైపు వంగాను. ఎందుకు వంగానో తెలియదు. భయం పోయి మాత్రం కాదు.

“పోయిన వారం మేం పంపింది తప్పండి. తప్పు నాది,” అని మొత్తం చెప్పాను. నా యాసలోనే వచ్చింది.

అవతల కాగితాలు తిప్పిన చప్పుడు.

“మీరే కనుక్కున్నారాండి, ఎవరైనా చెప్పారా?” అని అడిగిందావిడ.

“నేనేనండి.”

“సరేనండి. కొత్త లెక్కలు పంపండి,” అంది. మెచ్చుకోలేదు, తిట్టలేదు.

రెండు వారాల్లో ఆ పని మా నుంచి తీసేసుకున్నారు. తప్పు చేసినవాళ్ళకు ఇంకో పని ఎవరిస్తారు? మరికొన్ని నెలల్లో మా టీంనే ఎత్తేశారు. లీడ్ ఒక ఇంజినీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్పడానికి వెళ్ళిపోయాడు. నాకు మాదాపూర్లో బ్యాంకు సాఫ్ట్‌వేర్ పని దొరికింది. కణాల జోలికి మళ్ళీ వెళ్ళలేదు.

చాలాకాలం తర్వాత రకరకాల కంపెనీల వాళ్ళు వచ్చిన ఒక సాఫ్ట్‌వేర్ సెమినార్లో ఆ గుంటూరు గొంతు విని గుర్తుపట్టాను. వెళ్ళి నేనెవరో చెప్పాను. మా ఫోన్ తర్వాత వాళ్ళు ల్యాబులో గాజు పళ్ళేల్లో కణాలను రెండు మందుల్లోనూ కొన్ని వారాలు అదనంగా ఉంచారట. కొన్ని పళ్ళేల్లో మళ్ళీ పెరిగాయి. అక్కడితో ఆపేశారు. “మీరు చెప్పకపోయినా మేమే చూసేవాళ్ళమేమోనండి,” అంది. తర్వాత కాఫీ కప్పు తిప్పుతూ, “చూసేవాళ్ళం కాదేమో కూడా,” అంది.

లీడూ నేనూ స్నేహితులమయ్యామని చెప్పలేను. ఏడాదికి ఒకటో రెండో ఫోన్లు. రాష్ట్రం ఇస్తున్నారని తేలిన రోజున బయట టపాకాయలు పేలుతుంటే నేనే చేశాను. శుభాకాంక్షలు సార్ అన్నాను. వెనక ఒకటే గోల. ఆయన పక్కకు వచ్చినట్టున్నాడు, చప్పుడు కాస్త తగ్గింది.

“ఈడ్నే ఉంటవు గదా?” అని అడిగాడు.

“ఉంటాను సార్.”

“భయపడుతున్నవా?”

“కొంచెం,” అన్నాను.

“ఏమన్న అయితే ఫోన్ చెయ్యి. ఈసారి ఎత్తుత,” అన్నాడు.

చేయాల్సిన అవసరం రాలేదు. ఇప్పుడు పుప్పాలగూడలో ఉంటున్నాను, పన్నెండో అంతస్తులో. మా పాప తెలంగాణ యాసలో మాట్లాడుతుంది, ఇంట్లో నన్ను వెక్కిరిస్తుంది. ఆఫీసులో కొత్తగా చేరినవాళ్ళు రాసిన ప్రోగ్రాంలు చూసేటప్పుడు ముందుగా ఒకటే అడుగుతాను, దేన్ని పక్కన పడేస్తున్నారో అది చూపించమని. వాళ్ళకు చాదస్తంగా అనిపిస్తుంది. ఒకమ్మాయి నవ్వింది కూడా. నేను నవ్వలేదు. కుర్చీ లాక్కుని ఆమె పక్కన కూర్చున్నాను.